నాలుగు సముద్రాల పాలు

"అత్తా, పడుకున్నావా?" అంటూ పోయిన ఏడాది ఓ రాత్రి పదకొండు దాటాక మా మేనకోడలు హైదరాబాదు నుంచి ఫోను చేసింది. పురిటినెల కూడా తీరని బాలింతరాలు ఆ వేళప్పుడు ఫోను చేస్తే గుండె గుభేలుమనదూ? "ఏమ్మా, పిల్లాడికేమైనా..." అన్నాను కంగారుగా. "వాడికేం కాలేదు. నాకే. పాలు ఎక్కువయ్యాయి" అని, ఇక ఆపుకోలేక వెక్కి వెక్కి ఏడ్చింది.

చెప్పొద్దూ, మొదట నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత అది చెప్పుకుపోతుంటే నవ్వు ఎటు పోయిందో తెలీదు. పిల్లాడు రొమ్ము పట్టిన నిమిషానికల్లా పొలమారి ఉక్కిరిబిక్కిరై పోతున్నాడట. వదిలేసి కేకలు. వదిలేసిన రొమ్ము ధార కట్టి వాడి మొహమంతా, కళ్లల్లోకీ పాలే. తాగింది తాగినట్టు కక్కుతున్నాడు. విరేచనం ఆకుపచ్చగా, నురగనురగగా. ఓ పక్క ఇస్తుంటే రెండో పక్క కారిపోయి రోజుకి ఆరు జాకెట్లు తడుస్తున్నాయి. రొమ్ములు రాళ్లల్లే గట్టిపడి, నొప్పి చంకల్లోకి పాకి, పక్కకి ఒత్తిగిల్లడానికి లేదు. ఈ సంగతి వాళ్లత్తగారితో అంది, పక్కింటావిడతో అంది, ఆఫీసు స్నేహితురాలితో అంది. అందరిదీ ఒకటే మాట: "ఎంత అదృష్టవంతురాలివే!"

"అదృష్టవంతురాళ్లు ఏడవకూడదా అత్తా?" అని అడిగింది.

ముప్ఫై రెండేళ్లు హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని. పానిపట్టు యుద్ధాలెన్ని అంటే నిద్రలో లేపినా చెబుతాను. దీనికి మాత్రం అప్పటికప్పుడు జవాబు దొరకలేదు. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ చెప్పి, తెల్లారగానే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లమని పడుకోబెట్టాను గానీ నాకు నిద్ర పట్టలేదు. లోకంలో ఇంత పాత సంగతి ఇంకోటి ఉండదు కదా, దీని చరిత్ర ఎవరైనా రాశారా అని.

రాశారు. కానీ ఎక్కువ రాసింది పాలు లేకపోవడం గురించి. మన పురాణాలే చూడండి. పాలకోసం ఏడ్చిన అశ్వత్థామకి పిండి కలిపిన నీళ్లిచ్చి పాలని నమ్మించారు. తండ్రి కడుపున పుట్టిన మాంధాతకి తల్లే లేదు, ఇంద్రుడు వచ్చి వేలు చీకించాడు. పూతన పాలిచ్చింది గానీ అది విషం. కొరత, లేకపోతే కపటం. పాలు పొంగి పొర్లి ఓ తల్లి అవస్థ పడిందన్న కథ నాకు గుర్తున్నంతలో ఒక్కటీ లేదు. ఉంటే క్షీరసముద్రమే ఉంది. దాని మీద శయనించింది మగవాడు కాబట్టి ఇబ్బంది తెలిసి ఉండదు.

గ్రీకువాళ్ల కథలో మాత్రం ఒకటి దొరికింది. దేవతల రాజు ఎవరో మానవకాంతకి కన్న కొడుకు హెర్క్యులిసుని చావులేనివాణ్ణి చేద్దామని, నిద్రపోతున్న తన రాణి రొమ్ముకి రహస్యంగా పట్టించాడట. ఆవిడ ఉలిక్కిపడి లేచేసరికి పాలు ఆకాశమంతా చిమ్మాయి. ఆ చిమ్మినవే నక్షత్రాల బాట. మనం పాలవెల్లి, పాలపుంత అంటామే, అదే. ఇంగ్లీషువాళ్ల గెలాక్సీ మాట కూడా గ్రీకులో పాలు అన్న మాట నుంచి వచ్చినదే. వెనిస్ చిత్రకారుడు టింటొరెట్టో 1575 ప్రాంతాల వేసిన బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. రెండు రొమ్ముల నుంచీ ధారలు, ధార చివర చుక్కలు. ఆ ధార వేగం చూస్తే చిత్రకారుడు తన ఇంట్లో బాలింతరాలిని చూసే వేశాడనిపిస్తుంది. పక్కబట్టలు తడిసిన సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

సరే, కథలు వదిలి వైద్యానికొద్దాం. నా ఆశ్చర్యానికి అసలు సమాధానం మన సుశ్రుతుడి దగ్గరే కనబడింది. సుశ్రుత సంహితలో శారీరస్థానం పదో అధ్యాయం బాలింతలదీ పసిపిల్లలదీ. అందులో పాలివ్వబోయే ముందు రొమ్ము కడుక్కుని, కొంచెం పాలు పిండి పారబోసి, అప్పుడు బిడ్డ నోటికి అందించమన్నాడు. ఊరికే అనలేదు, కారణం కూడా చెప్పాడు. పిండకుండా, పాలతో నిండి బిగుసుకుపోయిన రొమ్ము అందిస్తే ధార ఒక్కసారిగా వచ్చి పడి బిడ్డకి దగ్గు, ఆయాసం, వాంతి పుడతాయని. మా మేనకోడలు ఫోనులో చెప్పిన జాబితాయే! ఇన్ని వందల ఏళ్ల కింద ఎవరో ఓ వైద్యుడు ఓ చంటిపిల్ల పక్కన కూర్చుని, అది పొలమారడం కళ్లారా చూసి, అనుమానం రొమ్ములోని లోటు మీదికి కాక నిండుదనం మీదికి పోనిచ్చాడంటే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

పెరిగిన గౌరవం మరి రెండు చోట్ల కాస్త తగ్గింది కూడా. మొదటిది, పాలిచ్చేముందు చదవమన్న మంత్రం. నాలుగు సముద్రాలూ నీ రొమ్ముల్లో క్షీరమై ప్రవహించుగాక అని దాని భావం. అసలే ఆరు జాకెట్లు తడుపుకుంటున్న పిల్లకి ఈ ఆశీర్వచనం కూడానా! రెండోది నవ్వులాట కాదు. పాలు మూడు నాలుగు రాత్రుల తర్వాత గానీ పడవని, మొదట్లో తేనె, నెయ్యి నాకించమన్నాడు. మన పల్లెల్లో ముర్రుపాలు బిడ్డకి పడవని పిండి పారబోయడం కూడా ఆ తోవలోదే. ఆ మొదటి పాలే బిడ్డకి రోగాల నుంచి కాపుదలని ఇవాళ చదువుకున్న ప్రతి నర్సుకీ తెలుసు. పెద్దవాళ్లన్నారు కదా అని మూట మొత్తం నెత్తికెత్తుకోనక్కర్లేదు, విప్పి చూసుకోవాలి.

ఇప్పుడు నా సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం రాసే హక్కు నాకు లేదు.

1981 ఏప్రిల్లో నాకు మొదటి కాన్పు. ఆడపిల్ల. మా అమ్మ అప్పటికే పోయింది, అంచేత పురుడు తెనాలిలో అత్తవారింట్లోనే. పదిరోజులు తిరిగేసరికి మా మేనకోడలికి జరిగిందే నాకూ జరిగింది. తేడా ఏమిటంటే నన్ను అదృష్టవంతురాలివని ఎవరూ అనలేదు. పిల్ల గంటగంటకీ గుక్క తిప్పుకోకుండా ఏడుస్తోంది, రొమ్ము పట్టి వదిలేస్తోంది కనక పాలు చాలడం లేదని తేల్చేశారు. మా అత్తగారు బొప్పాయికాయ కూర, వెల్లుల్లి కారం, తెలగపిండి వండి పెట్టింది. పాలు పడడానికి! ఉన్నవాటికి తోడు మరిన్ని. చూడ్డానికొచ్చిన ఓ డాక్టరు గారు బరువు కూడా తూచకుండానే డబ్బాపాలు రాసిచ్చి వెళ్లారు. పిల్లకి సీసా ఇస్తే నా రొమ్ములు ఖాళీ కాక గడ్డలు కట్టాయి. నూటమూడు జ్వరం. ఒణుకు. ఇల్లంతా ఇంకో మాట: "జ్వరం పాలు, ఇవ్వకు." నిండిన కుండ మీద మూత బిగించినట్టయింది.

ఆ ఏడు మే నెలలోనే, జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ వారు డబ్బాపాల వ్యాపారానికి కళ్లెం వేస్తూ ఓ నియమావళి ఒప్పుకున్నారు. మన దేశంలో దానికి చట్టమొచ్చింది 1992లో. తెనాలిలో మంచంమీద ఉన్న నాకు ఇవేవీ తెలీవు. నాకు తెలిసింది రేపల్లె వైపు నుంచి బస్సు దిగి మా అమ్మమ్మ వచ్చిందని.

డెబ్బై రెండేళ్ల మనిషి. కాళ్లు కడుక్కుని వచ్చి, పిల్లని ఒళ్లో వేసుకుని, బుగ్గలు చూసింది, తొడలు పట్టి చూసింది, తడిసిన గుడ్డలు లెక్కెట్టింది. "దీనికి చాలకపోవడమేమిటే, నిండు కుండల్లే ఉంటేనూ! పాలు చాలక కాదు, ఎక్కువై ఏడుస్తోంది" అంది. మా అత్తగారు "అదేం మాట పిన్నిగారూ" అన్నారు. "కాకపోతే ఏమిటమ్మా! పంటకాలవ తూము దగ్గర నోరు పెట్టి తాగమంటే నువ్వు తాగగలవా?" అంది అమ్మమ్మ.

తర్వాత ఆవిడ చేసినవి చాలా చిన్న పనులు. పిల్లకి ఇచ్చేముందు మొదటి ఉరవడి తగ్గేదాకా ఉగ్గుగిన్నెలోకి పట్టించింది. నన్ను గోడకి దిండ్లేసి వెనక్కి చేరగిలబెట్టి, పిల్లని నా పొట్టమీద బోర్లా పడుకోబెట్టి తాగించింది. అలా అయితే ధార పైకి రావాలి కనక మెల్లగా వస్తుంది, పిల్ల ఇష్టం పిల్లది. "ఈ పూటంతా కుడి పక్కే. మళ్లీ ఏడిస్తే మళ్లీ అదే. రెండో పక్క మరీ సలుపుతుంటే కాస్త పిండుకో, హాయి అనిపించేవరకే. పూర్తిగా పిండావంటే చెలమే, తోడేకొద్దీ ఊరుతుంది" అంది. జ్వరంలో కూడా పిల్లకి ఇప్పించింది. రెండోనాటికి గడ్డలు మెత్తబడ్డాయి. జ్వరం మాత్రం డాక్టరు మందుతోనే తగ్గింది. అది చెప్పకపోతే అన్యాయం.

ఆ చెలమ మాట ఉంది చూశారూ, దాన్ని శాస్త్రం ఇంకో భాషలో చెప్పడానికి చాలాకాలం పట్టింది. పాల వ్యవహారంలో రెండు హార్మోన్లున్నాయి. ప్రొలాక్టిన్ పాలు తయారు చేస్తుంది, ఆక్సిటోసిన్ వాటిని బయటికి తోస్తుంది. ఈ రెండోదానికి మన తెలుగులో బంగారం లాంటి మాటుంది, చేపు. బిడ్డ ఏడుపు వినగానే, ఒక్కోసారి బిడ్డ తలపుకి రాగానే, రొమ్ములు జలదరించి పాలు దిగడం. ఆవుకీ అదే మాట, అమ్మకీ అదే మాట. బిడ్డని చూసినా, తలచుకున్నా, తాకినా పాలు స్రవిస్తాయని, దానికి మూలం వాత్సల్యమేనని సుశ్రుతుడూ రాశాడు. మరి ఎంత ఊరాలన్న లెక్క ఎవరు చూస్తారు? రొమ్మే చూసుకుంటుంది. ఖాళీ అయితే త్వరగా నింపుతుంది, నిండుగా ఉండిపోతే నెమ్మదిస్తుంది. కొందరికి మొదటి వారాల్లో ఈ లెక్క కుదరదు. ఇద్దరికి సరిపడా ఊరుతుంది. నొప్పిగా ఉంది కదా అని పూర్తిగా పిండేస్తే, ఇంట్లో కవల పిల్లలున్నారు కాబోలు అనుకుని మర్నాడు మరింత ఊరుతుంది.

ఆకుపచ్చ విరేచనం సంగతి 1988లో లాన్సెట్ పత్రికలో వూల్‌రిడ్జ్, ఫిషర్ అనే ఇద్దరు రాశారు. ఒక పాలివ్వడంలో మొదట వచ్చే పాలల్లో కొవ్వు తక్కువ, పోను పోను మీగడ పాళ్లు పెరుగుతాయి. పాలు విపరీతంగా ఉన్న తల్లి, గడియారం చూసుకుని పది నిమిషాలకోసారి పక్క మార్చిందనుకోండి, బిడ్డ పొట్ట రెండు పక్కలా పల్చటి పాలతోనే నిండిపోతుంది. కొవ్వు తక్కువైన పాలు పొట్టలోంచి త్వరగా జారిపోతాయి. అందులోని చక్కెర అరక్క గాలి, కడుపునొప్పి, నురగ విరేచనం, గంట తిరక్కుండా ఆకలి. బిడ్డకి లోపం లేదు, పాలకీ లేదు, ఇచ్చే పద్ధతిలో ఉంది అన్నారు వాళ్లు. కొన్ని గంటలపాటు ఒకే పక్క ఇచ్చి రెండోది విశ్రాంతిగా ఉంచే పద్ధతిని నెదర్లాండ్సు నుంచి ఒకావిడ 2007లో ఓ అంతర్జాతీయ పత్రికలో వివరంగా రాసింది. దాన్ని చదువుతుంటే "ఈ పూటంతా కుడి పక్కే" అన్న గొంతు వినబడింది నాకు. అయితే ఇది తెలిసినవాళ్లని అడిగి, పిల్ల బరువు చూసుకుంటూ చెయ్యాల్సిన పని. పాలు సరిగ్గా ఉన్నవాళ్లు సరదాకి చేస్తే ఉన్నవి పోతాయి.

అమ్మమ్మ మరో పని కూడా చేసింది. ఏప్రిలు కదా, మల్లెల కాలం. సాయంత్రం రెండు మూరల మల్లెపూలు తెప్పించి, తల్లో కాదు, రొమ్ములకి కట్టింది. పాలు తగ్గడానికి మల్లెలు కట్టడం దక్షిణాదిలో చాలాచోట్ల ఉన్న ఆచారమే. నేనూ అందర్లా మూఢనమ్మకమనుకున్నాను. పదేళ్లు తిరక్కుండా, 1988లోనే, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు దీన్ని పరీక్షకి పెట్టారు. పాలు ఆపవలసిన 60 మంది స్త్రీలలో కొందరికి బ్రోమోక్రిప్టిన్ మాత్రలు, కొందరికి మల్లెపూలు. రక్తంలో ప్రొలాక్టిన్ రెండు జట్లలోనూ తగ్గింది, మాత్రలకి ఎక్కువ తగ్గింది. కానీ రొమ్ముల గట్టిదనం, పాల రాక, నొప్పి మాత్రల అవసరం ఇవి చూస్తే రెండూ సమానంగానే పనిచేశాయి. పైపెచ్చు మాత్రలు వేసుకున్నవాళ్లలో కొద్దిమందికి మానగానే పాలు తిరిగొచ్చాయి. ఆ మాత్రల వల్ల బాలింతలకి రక్తపోటు, పక్షవాతం వచ్చిన ఫిర్యాదులు లేచి 1994-95లో అమెరికాలో పాలు ఆపడానికి వాటిని వాడడం మాన్పించారు. మల్లెల మీద ఇంతవరకు అలాంటి ఫిర్యాదు నేను వినలేదు. చిన్న పరీక్షే, కాదనను. కానీ పూలమ్మి బుట్టలో ఇంత ఉందని ఎవరనుకున్నారు!

పడమటి దేశాల్లో ఇదే పనికి క్యాబేజీ ఆకులు చల్లగా పెట్టుకుంటారు. దాని కంటే మల్లెపూలు నయం కదూ. పాతరోజుల్లో అక్కడ ఇంకా విడ్డూరమైన ఉపాయం ఉండేది. నిండిన రొమ్ములు ఖాళీ చేయడానికి కుక్కపిల్లల్ని పట్టించేవారు. స్త్రీల హక్కుల కోసం మొట్టమొదట గట్టిగా పుస్తకం రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్, 1797లో ఆడపిల్లని కని, పురుటి జ్వరం తెచ్చుకుంది. పాలు బిడ్డకి ఇవ్వొద్దన్నారు వైద్యులు. కుక్కపిల్లల్ని తెచ్చారు. దాని మీద ఆవిడ నవ్వుతూ ఛలోక్తులు కూడా విసిరిందని భర్త రాసుకున్నాడు. పదకొండో నాటికి పోయింది. పాలకి నోచుకోని ఆ పిల్లే పెరిగి 'ఫ్రాంకెన్‌స్టైన్' నవల రాసింది.

యంత్రాల చరిత్ర క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఆ కథలో ఎక్కువగా మగవాళ్ల పేర్లే. మొదట యూరపులో పొడుగు ముక్కున్న గాజుబుడ్డి ఉండేది, తల్లే దాని గొట్టం నోట పెట్టుకుని తన పాలు తను పీల్చుకునేది. 1854లో అమెరికాలో ఓర్వెల్ నీడం పంపుకి పేటెంటు తీసుకున్నాడు. ఆ దేశంలోనే 1920లలో ఎడ్వర్డ్ లాస్కర్ అనే ఇంజనీరు కరెంటు పంపు తయారుచేశాడు. ఈయన పెద్ద చదరంగం ఆటగాడు. ప్రపంచ విజేత లాస్కర్ వేరు, ఈ లాస్కర్ వేరు. చదరంగం కంటే పాల పంపే ఈయనకి ఎక్కువ డబ్బు తెచ్చింది. 1956లో స్వీడన్ ఇంజనీరు ఐనర్ ఎగ్నెల్ రొమ్ముకి హాని లేనంత పీడనం లెక్కకట్టి మంచి పంపు చేశాడు. ఇవాళ మా మేనకోడలు చంకలో పెట్టుకుని తిరిగే బుల్లి పంపు ఆ వంశంలోదే. మొదట్లో దానితోనే కష్టం తెచ్చుకుంది పిచ్చిపిల్ల, రోజుకి ఆరుసార్లు పూర్తిగా పిండేసి.

ఇంతకీ పిండిన పాలు ఏమయ్యేవి? నాకు ఈ చరిత్రలో గుచ్చుకునే ప్రశ్న ఇదే.

ఒక కాలంలో ఎక్కువ పాలు అంటే కొలువు. అక్బరు 1542లో పుడితే పాలిచ్చిన దాదులు ఒకరిద్దరు కాదు. వాళ్లలో జీజీ అనగా కొడుకు అజీజ్ కోకా పెద్దయ్యాక ఎన్ని తలబిరుసు పనులు చేసినా అక్బరు దండించలేదు. మా మధ్య పాలనది ఉంది, దాటలేను అనేవాడట. అదే అక్బరు 1562లో, మరో దాది మాహం అనగా కొడుకు అధంఖాను హత్య చేశాడని కోట మీంచి తోయించాడు. అప్పుడు మటుకు ఆ నది ఎండింది. మేవాడులో పన్నాదాయి తన కన్నబిడ్డని బలిపెట్టి పాలిచ్చిన రాకుమారుణ్ణి కాపాడిందని చెప్పుకుంటారు. ఈ కథలు మేమూ బళ్లో గొప్పగా చెప్పాం. దాది ఇంట్లో ఆవిడ సొంత బిడ్డ ఏం తాగాడన్న ప్రశ్న మాత్రం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. 1780లో పారిస్ పోలీసు అధికారి లెనోవార్ వేసిన లెక్క ప్రకారం ఏడాదిలో ఆ నగరంలో పుట్టిన 21,000 మంది పిల్లల్లో తల్లిపాలు తాగింది సుమారు వెయ్యిమంది. మిగతావాళ్లు డబ్బు తీసుకున్న దాదుల పాలు తాగారు, ఎక్కువమంది పల్లెల్లో. అక్కడా ఆ పల్లెతల్లుల బిడ్డల లెక్క లేదు.

తెనాలిలో నా పాలు ఉగ్గుగిన్నెలోంచి మునగచెట్టు మొదట్లోకి పోయేవి. తల్లిపాలు తొక్కుడుపడకూడదని మా అత్తగారి పట్టింపు. అదే రోజుల్లో మా ఇంట్లో గిన్నెలు తోమే మనిషి కోడలు కూడా కని ఉంది. పురిటి జ్వరంతో దానికి పాలు ఇంకిపోయాయి. ఆ పసిగుడ్డుకి నీళ్లు కలిపిన గేదెపాలు గుడ్డ ఒత్తితో నాకిస్తున్నారని ఆవిడ పెరట్లో కూర్చుని చెప్పుకుంటుంటే అమ్మమ్మ విన్నది. లోపలికొచ్చి, "నేలపాలు చేసే పాలు ఆ పసిదాని నోట్లో పోస్తే ఏం పోయిందమ్మా?" అంది. మా అత్తగారు ఉలిక్కిపడి, "అయ్యో, మన పిల్ల పాలు వాళ్లింటికా? దిష్టి తగిలి ఇంకిపోవూ!" అన్నారు. దిష్టి మాట పైకి. దాని కిందిది కులం మాట, అది మా అందరికీ తెలుసు. అమ్మమ్మ నా వంక చూసింది. నేను బీఏ చదివినదాన్ని, చరిత్రలో మొదటి తరగతి. తల దించుకుని పిల్ల గుడ్డ సవరించాను.

మూడు రోజులు మునగచెట్టుకే పోశాం. నాలుగోరోజు సాయంత్రం మల్లెపూలు తేబోతే అమ్మమ్మ "ఇవాళ వద్దులే. నొప్పి తగ్గింది కదా, ఇంకొన్నాళ్లు ఉండనీ" అంది. ఉగ్గుగిన్నె ఆ సాయంత్రం నుంచీ చెట్టు దగ్గరికి పోలేదు. దీపాలు పెట్టే వేళకి పైటచాటున పెరటిదారిన వెళ్లేది. పదకొండు రోజులు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. పెరటి తలుపు గడియ బాగా పైన ఉండేది, అమ్మమ్మకి అందదు. అది ప్రతి సాయంత్రం తీసే ఉండేది. ఎవరు తీశారో నాకు చాలా ఏళ్ల వరకు తట్టలేదు. తట్టేసరికి మా అత్తగారు కూడా లేరు. ఆ తర్వాత ఆ కోడలికి జ్వరం తగ్గి పాలు తిరిగొచ్చాయి, పిల్ల నిలిచింది. ఆ మూడు రోజులూ మాత్రం నాకు అప్పుడప్పుడూ గుర్తొస్తూనే ఉంటాయి.

ఇవాళ అయితే అలా పచ్చిపాలు గిన్నెలో పంపడం మంచిది కాదంటారు డాక్టర్లు, నిజమే. పాలతో జబ్బులు కూడా దాటుతాయి. దానికో మార్గం 1909లోనే వియన్నాలో తెరిచారు, తల్లులు మిగిలిన పాలు ఇచ్చే మొదటి పాల బ్యాంకు. దాని వెనకున్న డాక్టరు తియొడోర్ ఎషెరిఖ్. పసిపిల్లల విరేచనంలో ఆయన కనిపెట్టిన సూక్ష్మజీవికే ఈ.కోలై అని ఆయన పేరు పెట్టారు. మరుసటి ఏడు అమెరికాలో బోస్టన్ అందుకుంది. 1934 మే 28న కెనడాలో ఓ పల్లెటూరి ఇంట్లో ఒకే కాన్పులో ఐదుగురు ఆడపిల్లలు పుట్టారు, డియొన్ అక్కచెల్లెళ్లు. ఐదుగురి బరువూ కలిపితే ఆరు కిలోలు. టొరంటో, చికాగో తల్లులు పిండిన పాలు వాళ్లకి చేరాయి. ఐదుగురూ బతికారు. మన దేశంలో మొదటిది బొంబాయి సయాను ఆసుపత్రిలో 1989లో, డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ పెట్టారు. హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రిలో 2017లో మొదలైంది. దాని పేరు 'ధాత్రి'. అంటే దాది. సుశ్రుతుడి అధ్యాయంలో ఉన్న మాటే. ఇలాంటి చోట్ల ఇచ్చే తల్లికి రక్తపరీక్షలు చేస్తారు, పాలని 62.5 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, చల్లార్చి, గడ్డకట్టించి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఇస్తారు. ఆ పిల్లలు ఒకసారికి తాగేది కొన్ని మిల్లీలీటర్లు. మా మేనకోడలి జాకెట్టుకి పోయేదానిలో ఓ వంతు.

దానికి ఆ మాట చెప్పాను. వాళ్ల డాక్టరమ్మ ముందు పిల్లాడి సంగతి చూద్దామంది. వెనక్కి ఆనుకుని పట్టించడం, పూటకో పక్క, పంపు వాడకం మెల్లమెల్లగా తగ్గించడం. పంపు ఒక్కసారిగా మానితే గడ్డలు కడతాయట. రెండు వారాలకి పిల్లాడు పొలమారడం మానాడు. విరేచనం పసుప్పచ్చగా మారిందని నాకు ఫొటో పంపింది. ఈ కాలపు పిల్లలకి మొహమాటం లేదు. ఈలోగా పంపుతో తీసి ఫ్రీజరులో దాచినవి పాతిక సంచులు పోగయ్యాయి. రక్తపరీక్షలు చేయించుకుని, వాటిని ఓ ఆసుపత్రి పాల బ్యాంకుకి ఇచ్చింది. ఐసుపెట్టె తీసుకుని కుర్రాడొకడు గుమ్మంలోకొచ్చాడట.

"వాళ్లత్తగారేమన్నారే?" అని అడిగాను, నా పాత భయంతో.

"ఏమంటుంది? సంచులు లెక్కపెట్టి అందించింది. ఒకటి తక్కువొచ్చిందని మళ్లీ ఫ్రీజరంతా వెతికింది" అంది.

అంతలో పిల్లాడు లేచినట్టున్నాడు. "ఉండత్తా, మళ్లీ చేస్తా. ఈ పూట ఏ పక్కో మర్చిపోయాను, గాజు ఏ చేతికి మార్చుకున్నానో చూసుకోవాలి" అని ఫోను పెట్టేసింది.